తప్పెవరిదని అడిగేవాళ్లకు: ఒక జువాలజీ మేడం అనుభవ పాఠాలు

ఉద్యోగం హైదరాబాద్ నాంపల్లిలో, కాపురం అబిడ్స్‌లో. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. క్లాసులు ఆగాయి గానీ ప్రశ్నలు ఆగలేదు. చిరాగలీ లేన్‌లోని మా ఇంటికి ఇప్పటికీ ఎవరో ఒకరు ల్యాబ్ రిపోర్టు పట్టుకుని వస్తుంటారు. కొందరు పాత విద్యార్థులు, కొందరు వాళ్ల అత్తలు.

ఈ చుట్టుపక్కల వంశపారంపర్యంతో పనిలేని వీధి దాదాపు లేదు. విద్యాభవన్‌లోని ఇంటర్ బోర్డు దాని మీద ప్రశ్నలిస్తుంది. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి పసిపిల్లల రూపంలో వస్తుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో సాక్ష్యమవుతుంది. నా దగ్గరికొచ్చేవాళ్లు మాత్రం దాన్ని ఎక్కువగా ఒకే రూపంలో తెస్తారు: "మేడం, తప్పు ఎవరిది?" ఇన్నేళ్లలో నాకర్థమైందేమిటంటే, వంశపారంపర్యంలో లెక్కలున్నాయి, తప్పులు లేవు. ఆ లెక్కలే కింద రాస్తున్నాను.

1. లక్షణాలు కలిసిపోవు, దాక్కుంటాయి

నాంపల్లి ఇరానీ హోటళ్లలో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాగుతుంటాయి. కప్పులో కలిపాక వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. తల్లిదండ్రుల లక్షణాలు కూడా బిడ్డలో ఇలాగే కలిసిపోతాయని పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. కాదని చూపించింది బ్రనో పట్టణంలోని ఒక మఠంలో బఠానీలు పెంచిన గ్రెగర్ మెండెల్.

ఆయన గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరం చేశాడు. మొదటి తరంలో అన్నీ గుండ్రటి గింజలే. వాటిని మళ్లీ నాటి, ఆ మొక్కలను తమలో తామే ఫలదీకరణం చెందనిస్తే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. దాదాపు మూడుకు ఒకటి. అంటే ముడత పోలేదు, ఒక తరం కనబడకుండా ఉంది. 1866లో అచ్చయిన ఈ లెక్క విలువ లోకానికి తెలిసింది 1900లో.

ఇలాంటి లక్షణానికి మనలో జన్యువులు జతగా ఉంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. జతలో ఒక్కటున్నా బయటపడేది బహిర్గతం. రెండూ ఒకే రకమైతే తప్ప బయటపడనిది అంతర్గతం. "మా ఏడు తరాల్లో ఎవరికీ లేదు, వీడికెక్కడి నుంచి వచ్చింది?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఇంట్లోనే ఉంది, ఇన్నాళ్లూ బయటపడే జత కుదరలేదు.

2. బ్లడ్ గ్రూపు "కాదు" అని చెప్పగలదు, "అవును" అని చెప్పలేదు

ఒకసారి నా పాత విద్యార్థిని చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. భర్తది ఏ పాజిటివ్, తనది బీ పాజిటివ్, బిడ్డది ఓ పాజిటివ్. రిపోర్టు చూసిన రోజు నుంచి అత్తగారు ముఖం తిప్పేసుకున్నారట. "ఏ కాదు, బీ కాదు, ఇది ఎట్లయితది మేడం?" అంది. బల్లమీద ఒక శుభలేఖ కవరుంటే దాని వెనక నాలుగు గళ్లు గీశాను.

ఏ గ్రూపు మనిషి జతలో రెండూ ఏ కావచ్చు, లేదా ఒక ఏ, ఒక ఓ కావచ్చు. బీ కూడా అంతే. ఏ, బీ రెండూ ఓ మీద బహిర్గతం కాబట్టి వాటి పక్కనున్న ఓ రిపోర్టులో కనబడదు. తండ్రి ఏ-ఓ, తల్లి బీ-ఓ అయితే నాలుగు గళ్లలో ఏబీ, ఏ, బీ, ఓ అన్నీ వస్తాయి. ఒక్కోదానికీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ బిడ్డకు ఇద్దరి దగ్గరి నుంచీ దాగిన ఓ వచ్చింది, అంతే. ఆ కవరు వాళ్లింటికి వెళ్లింది. మరుసటి వారం అత్తగారే వచ్చి, తన గ్రూపు ఏమై ఉంటుందో చెప్పమని అడిగారు.

ఏబీ గ్రూపు తల్లికో తండ్రికో మామూలుగా ఓ బిడ్డ పుట్టకూడదు. అక్కడా తొందరపడొద్దు. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన "బాంబే గ్రూపు" అని ఒకటుంది. ఆ మనుషుల్లో ఏ, బీ జన్యువులున్నా, వాటికి పునాది అయిన పదార్థం తయారు కాదు కాబట్టి పరీక్షలో ఓ లాగే కనబడతారు. రిపోర్టు ఒక్కటే చూసి మనిషిని అనుమానించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇది చాలు.

3. పోలిక సాక్ష్యం కాదు

"ముక్కు అచ్చం వాళ్ల నాన్నదే" అని మురిసిపోవడం బాగానే ఉంటుంది. అదే నోరు "ఎవరి పోలికా రాలేదేంటి?" అని కూడా అనగలదు. ముఖాన్ని తీర్చే జన్యువులు అనేకం. అవి ఏ కలయికలో వస్తాయో ముందు చెప్పలేం. పితృత్వం తేల్చాల్సి వస్తే చూడాల్సింది డీఎన్ఏని.

ఆ విద్య మన దేశంలో ఎదిగింది హైదరాబాద్‌లోనే. ఇక్కడి సీసీఎంబీ పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పసుపు నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏ మీద తాను చేసిన పని నుంచే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు కావలసిన సాధనాన్ని తయారుచేశారు. కేరళలోని ఒక పితృత్వ వివాదంలో ఆయన చెప్పిన సాక్ష్యంతో ఈ పరీక్ష మన కోర్టు మెట్లెక్కింది. 1996లో దీనికోసమే ప్రత్యేక సంస్థగా సీడీఎఫ్‌డీ పుట్టింది. ఇప్పుడది ఉప్పల్‌లో ఉంది గానీ కొన్నేళ్లు మా నాంపల్లిలోనే, గృహకల్ప, తుల్జాగూడ భవనాల్లో పనిచేసింది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు నుమాయిష్ చూడ్డానికి వచ్చిన జనం దాని బోర్డు పక్క నుంచే నడిచిపోయేవారు. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి. తివారీ తన తండ్రి అని రోహిత్ శేఖర్ వేసిన కేసులో 2012లో తీసిన రక్త నమూనా సీడీఎఫ్‌డీకే వచ్చింది. ఆ ఏడాది జూలైలో ఢిల్లీ హైకోర్టు ఫలితాన్ని తెరిచి చెప్పింది: తివారీయే తండ్రి.

పరీక్ష వెనకున్న సూత్రం ఇంటర్ పిల్లవాడికీ అర్థమవుతుంది. డీఎన్ఏలో కొన్ని చోట్ల ఒక చిన్న ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒక చోట తల్లికి 9, 12 ఉన్నాయనుకోండి. బిడ్డకు 12, 15 ఉన్నాయి. 12 తల్లిది. మిగిలిన 15 తండ్రి దగ్గర ఉండి తీరాలి. ఇలా చాలా చోట్ల పోల్చి చూస్తారు. అన్నిచోట్లా కుదిరితే అది యాదృచ్ఛికం అయ్యే అవకాశం దాదాపు లేనట్టే.

పరీక్ష ఉంది కదా అని అడిగిన ప్రతివాడికీ కోర్టు దాన్ని రాసివ్వదు. ఊరికే అనుమానం తీర్చుకోవడానికి రక్తపరీక్షకు ఆదేశించకూడదని 1993లో గౌతమ్ కుండు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాపురంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం ముందుగా భావిస్తుంది. కొన్ని ప్రశ్నలకు జవాబు దొరికినా ఆ ఇంట్లో బిడ్డ పెరగాల్సింది ఆ జవాబుతోనేనని న్యాయస్థానానికి తెలుసు. అడిగే మగవాళ్లకే తెలియాలి.

4. ఆడపిల్ల పుడితే కోడలి వైపు చూడొద్దు

చిన్న పాఠమే, కానీ నేను ఎక్కువసార్లు చెప్పింది ఇదే. బిడ్డ ఆడో మగో తేల్చేది జన్యువులను మోసే క్రోమోజోముల్లో ఒక జత. ఆ జతలో తల్లి దగ్గరున్నవి రెండూ ఎక్స్ క్రోమోజోములు. ఆమె ఇవ్వగలిగింది ఎక్స్ మాత్రమే. తండ్రి దగ్గర ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. ఆయన నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగుల్లో దీన్ని చూసి 1905లో రాశారు. మూడో కాన్పులోనూ ఆడపిల్లే అయిందని కోడలిని పుట్టింటికి పంపిన ఇళ్లు ఆ తర్వాత ఎన్ని చూశామో. తండ్రి దగ్గర తేలుతుందన్నాను కదా అని ఆయన్నీ తిట్టకండి. ఏది ముందు చేరాలో నిర్ణయించే శక్తి ఆయనకూ లేదు. స్కానింగ్‌లో తెలుసుకుందామనుకునేవాళ్లకు 1994 నాటి చట్టం జైలు చూపిస్తుంది.

5. పుస్తకంలో ఉన్న వంశవృక్షాన్నీ మళ్లీ పరీక్షించాలి

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య జువాలజీ టెక్స్టుబుక్కు దొరికితే, తండ్రి నుంచి కొడుకుకే వచ్చే లక్షణాల పేజీ తీయండి. ఉదాహరణగా చెవి డిప్ప మీద మొలిచే వెంట్రుకలు కనబడతాయి. ఆ ఉదాహరణకు మన తెలుగునేలతో చుట్టరికం ఉంది. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చిన మహా శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుల్లో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన ఆంధ్రలో సేకరించిన వంశవృక్షంతో 1960లో ఈ లక్షణం మీద పరిశోధనాపత్రం వేశారు. తాత, తండ్రి, కొడుకు చెవుల మీద వెంట్రుకలుండి ఆడవాళ్లకు లేకపోతే, వై క్రోమోజోమ్ మీద ప్రయాణిస్తోందనుకోవడం సహజమే.

2004లో కొందరు శాస్త్రవేత్తలు దక్షిణ భారతంలో చెవి వెంట్రుకలున్న మగవాళ్ల వై క్రోమోజోములను నేరుగా పరీక్షించారు. అది వై మీద ఉంటే ఆ మనుషుల వై క్రోమోజోములు ఒకే శాఖకు చెందాలి. అలా కాలేదు, వేర్వేరు శాఖలవి కనబడ్డాయి. కాబట్టి అది వై లక్షణం కాదని తేల్చారు. మగవాళ్లలోనే బయటపడినంత మాత్రాన మగవాళ్ల క్రోమోజోమ్ మీదే ఉండాలని లేదు. బట్టతల కూడా అంతే, తల్లి వైపు నుంచి కూడా వస్తుంది. ద్రోణంరాజు పని విలువ దీనితో తగ్గదు. ఒక వంశవృక్షాన్ని గీసి లోకం ముందు పెట్టారు కాబట్టే దాన్ని పరీక్షించడం కుదిరింది.

6. కొన్ని లక్షణాలకు మేనమామను చూడాలి

నా విద్యార్థి ఒకడు రైల్వే ఉద్యోగానికి రాత పరీక్ష పాసై, మెడికల్‌లో ఆగిపోయాడు. చుక్కల బొమ్మల పుస్తకంలో అందరికీ కనబడే అంకె వాడికి కనబడలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదన్నారు. సిగ్నల్ చూసి బండి నడపాల్సిన ఉద్యోగానికి పనికిరాడు. వాడి నాన్న వచ్చి, "మా వైపు ఎవరికీ లేదు" అన్నారు. "మీ వైపు చూడకండి, వాళ్ల అమ్మ వైపు చూడండి" అన్నాను. పక్కనే ఉన్న వాడి అమ్మ కాసేపు ఆలోచించి, తన తమ్ముడు చెట్టు మీద పండిన మిరపకాయలను పచ్చివాటి నుంచి ఏరలేక చిన్నప్పుడు దెబ్బలు తినేవాడని చెప్పింది.

ఈ రంగుల తేడా పట్టే జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే. అది లోపమున్నదైతే కప్పిపుచ్చే రెండోది లేదు. ఆడవాళ్లకు రెండున్నాయి కాబట్టి ఒకటి లోపమున్నా రెండోది పని నడిపిస్తుంది. ఆమెకు ఏమీ తెలియదు, కానీ ఆమె కొడుకుల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. దెబ్బ తగిలితే రక్తం ఆగని హీమోఫీలియా కూడా ఈ దారిలోనే నడుస్తుంది. అందుకే పిల్లవాడికి సున్తీ చేసినా, పన్ను పీకినా రక్తం ఆగకపోతే డాక్టరు మొదట మేనమామల సంగతి అడుగుతారు. తండ్రి నుంచి కొడుక్కు వెళ్లేది వై కాబట్టి తండ్రి ఎక్స్ లోపం కొడుక్కు రాదు. కూతుళ్లందరికీ మాత్రం వెళ్తుంది.

7. గోత్రం ఒక వైపే చూస్తుంది

మనవాళ్లు పెళ్లి సంబంధానికి ముందడిగేది గోత్రం. అది తండ్రి, తాత, ముత్తాతల వరసను మాత్రమే పట్టుకుని వెళ్తుంది. అమ్మ పుట్టింటివాళ్లు, నాయనమ్మ పుట్టింటివాళ్లు ఆ లెక్కలో లేరు. పెళ్లిలో ఆడపిల్ల గోత్రం మారుతుంది, జన్యువులు మారవు. గోత్రాలు వేరైన మేనమామ కూతురికీ మేనత్త కొడుక్కీ జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు.

ఈ ఉమ్మడి వల్ల వచ్చే ముప్పును అంకెల్లో చూద్దాం. తాతగారి దగ్గర ఒక దాగిన లోపమున్న జన్యువు ఉందనుకోండి. అది కొడుక్కు వచ్చే అవకాశం సగం, ఆ కొడుకు కూతురికి నాలుగో వంతు. అలాగే కూతురికి సగం, ఆమె కొడుక్కు నాలుగో వంతు. ఈ బావామరదళ్లిద్దరి దగ్గరా అది ఉండే అవకాశం పదహారో వంతు. ఇద్దరి దగ్గరా ఉంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం మళ్లీ నాలుగో వంతు. మొత్తం 64లో ఒకటి. మేనమామ, మేనకోడలి పెళ్లిలో ఇదే లెక్క 32లో ఒకటికి చేరుతుంది. అదే మనవడు బయటి పిల్లను చేసుకుంటే, ఊళ్లో వందలో ఒకరికి ఆ జన్యువు ఉందనుకున్నా 1,600లో ఒకటే. ఇది ఒక్క జన్యువు సంగతి. ప్రతి మనిషిలోనూ ఇలా దాగినవి కొన్ని ఉంటాయి.

నాంపల్లిలో ఇంకో సంగతి కూడా గమనించవచ్చు. దర్గా యూసుఫైన్ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాల్లో చిన్నాన్న కొడుకుతో పెళ్లి మామూలే. మన ఇళ్లలో చిన్నాన్న కొడుకంటే అన్నో తమ్ముడో, పెళ్లి మాటే నోటికి రాదు. మేనత్త కొడుకంటే మాత్రం బావ. ఇది వరసల లెక్క. జన్యువులకు ఇద్దరూ ఒక్కటే, ఎనిమిదో వంతు.

ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి 1960ల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు ఎంతగా ఉన్నాయో, వాటి ఫలితాలేమిటో లెక్కలు తీశారు. మన సంగతి శాస్త్రానికి కొత్త కాదు. అయితే భయపెట్టడానికి ఈ అంకెలు వాడకండి. ఏ దంపతులకైనా వందలో రెండు మూడు కాన్పుల్లో పెద్ద లోపంతో బిడ్డ పుట్టే అవకాశం ఉంది. మేనరికంలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే తొంభైకి పైగా బిడ్డలు బాగానే పుడతారు. పెళ్లి కాకముందైతే ఆలోచించండి. అయిపోయాక జన్యు సలహాదారు దగ్గరికి వెళ్లండి. "మేనరికం చేసుకున్నావు కాబట్టే" అనే మాట బిడ్డను ఎత్తుకున్న తల్లితో మాత్రం అనకండి. ఆ పెళ్లి ఆమెను అడిగి చేసింది కాదని మీకూ తెలుసు.

8. మేనరికం లేని ఇంట్లోనూ ఉమ్మడి పూర్వీకులుంటారు

మా ఇంటి నుంచి మొజంజాహీ మార్కెట్ దాటితే బేగంబజార్. అక్కడి ఒక వైశ్య వ్యాపారి కుటుంబంలో ఒకాయనకు చిన్న ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ అయిపోయింది, మనిషి కదలడం లేదు. చాలాసేపు వెంటిలేటర్ మీద ఉండి, ఆ తర్వాత మామూలుగా లేచి ఇంటికొచ్చాడు. ఇంట్లోవాళ్లు డాక్టరు మత్తు ఎక్కువిచ్చాడని గొడవ పడబోయారు.

మత్తిచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు సడలించే ఒక మందు ఇస్తారు. డాక్టర్లు స్కోలిన్ అంటారు. మామూలు మనిషిలో ఒక ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లోపించినవాళ్లలో అది గంటలు పనిచేస్తుంది. కండరాలు కదలవు, ఊపిరి తీసుకోలేరు. మెషిన్ ఊపిరి ఆడిస్తే మందు ప్రభావం తగ్గాక మనిషి లేస్తాడు. సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన పరిశోధనలో ఉదాహరణగా చెప్పింది దీన్నే. తెలుగు వైశ్యుల్లో ఈ లోపం ఇతరులతో పోలిస్తే దాదాపు వందరెట్లు ఎక్కువ.

కారణం ఒకరిద్దరి మేనరికాలు కాదు. ఎన్నో తరాల కింద కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలైన సమూహం, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షల్లోకి పెరిగింది. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న అరుదైన జన్యువు సమూహమంతా పరచుకుంది. గోత్రాలు వేరైనా, ఊళ్లు వేరైనా, వెనక్కి వెళ్తే ముత్తాతలు వాళ్లే. ఇది ఒక్క కులం కథ కాదని, దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు చాలా ఉన్నాయని ఆ పరిశోధనే చెప్పింది. ఒక్కో సమూహంలో దాగినది ఒక్కోటి.

చేయాల్సింది సులువు. ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి రక్తసంబంధీకుడూ మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. వేరే మందు ఉంది, అది వాడతారు. బేగంబజార్ కుటుంబానికి నేను చెప్పిందీ అదే. వాళ్లు ఇప్పుడా విషయాన్ని ఒక కాగితం మీద రాసి ప్రతివాళ్ల ఆధార్ కార్డుతో పాటు పెట్టుకున్నారు.

9. వాహకులు రోగులు కారు

తలసీమియా అనే రక్తం జబ్బుకు వాహకుడు, అంటే ఆ జన్యువు జతలో ఒక్కటే ఉన్నవాడు, మామూలు మనిషి. కొంచెం పాలిపోయి ఉంటాడేమో, ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదేమో, అంతే. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటేనే లెక్క మారుతుంది. ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు, వాహకుడయ్యే అవకాశం సగం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం నాలుగో వంతు. "ప్రతి కాన్పులో" అన్నది గుర్తుంచుకోండి. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమమని లెక్కేసుకున్న తండ్రిని చూశాను. ముందు పుట్టిన బిడ్డ సంగతి తర్వాతి బిడ్డకు తెలియదు. లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

తలసీమియా బిడ్డకు జీవితమంతా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పేరుకుపోయే ఇనుమును దించే మందులు వాడాలి. అదే వాహకులను కనిపెట్టడానికి హెచ్‌బీ ఏ2 అనే ఒక్క రక్తపరీక్ష చాలు. జాతకాలతో పాటు ఇది కూడా చూసుకోండి. ఇద్దరూ వాహకులని తేలినా సంబంధం తెంచుకోనక్కర్లేదు. గర్భంలో పదకొండు, పన్నెండు వారాలప్పుడే పరీక్ష చేసి చెప్పగలరు.

సికిల్ సెల్ అనే రక్తం జబ్బుదీ ఇదే దారి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో, మన్యంలో ఇది ఎక్కువ. ఎందుకు నిలిచిందో చెప్పే కథ మన బేగంపేటకు తగులుతుంది. 1897లో రోనాల్డ్ రాస్ అక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లను ప్రాణాంతకమైన మలేరియా అంత సులువుగా పడగొట్టలేదని తర్వాత తేలింది. అడవిలో మలేరియా ఉన్నంతకాలం ఆ ఒక్క జన్యువు కాపాడింది. రెండూ చేరిన బిడ్డ దానికి ధర చెల్లించింది. చెడ్డ జన్యువు, మంచి జన్యువు అని ముద్ర వేసేముందు అది ఎక్కడ ఉందో, జతలో ఎన్ని ఉన్నాయో అడగండి. 2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని 2023లో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. దానికీ పునాది గూడెం గూడెం తిరిగి పరీక్ష చేయడమే.

10. పుట్టుకతో వచ్చినవన్నీ వంశంవి కావు, ఇంటిల్లిపాదికీ ఉన్నవన్నీ జన్యువులవి కావు

డౌన్ సిండ్రోమ్ బిడ్డను చూడగానే "ఎవరి వంశంలో ఉంది?" అంటారు. ఎక్కువ కేసుల్లో ఎవరి వంశంలోనూ లేదు. అండం తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోమ్ జత విడిపోక, బిడ్డకు రెండుకు బదులు మూడు చేరతాయి. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ నల్లగొండ నుంచి వచ్చిన విద్యార్థులు చెప్పేవారు. తాతకు నడుం వంగింది, తండ్రికి కాళ్లు వంకర, పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు చారలు. మూడు తరాలకూ ఉంది కాబట్టి వంశపారంపర్యమేనని ఎవరైనా అంటారు. కాదు, అందరూ తాగింది ఒకే బావి నీళ్లు. దాంట్లో ఫ్లోరైడ్. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు వివరించారు. ఒక ఇంట్లో ఒకటి పదేపదే కనబడితే జన్యువుతో పాటు ఆ ఇంటి నీళ్లు, వంట, పని కూడా చూడాలి. ఆ ఊరు వదిలి వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉంటే జవాబు దొరికినట్టే.

11. "మా వంశంలో షుగరుంది" అన్నది తిండికి అనుమతి కాదు

షుగరు, బీపీ, ఎత్తు, లావు, ఇవి ఒక్క జన్యువు పనులు కావు. ఎన్నో జన్యువులు తలా కొంచెం తోస్తాయి, మిగిలింది మన తిండీ నడకా. మెండెల్ నాలుగు గళ్లు ఇక్కడ పనికిరావు. తల్లిదండ్రులకు షుగరుంటే బిడ్డకు ముప్పు ఎక్కువన్నది నిజమే. అంటే బిడ్డ అందరికంటే ముందు పరీక్ష చేయించుకోవాలని, అందరికంటే ఎక్కువ నడవాలని. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన "ఎలాగూ వచ్చేదే కదమ్మా" అంటూ మిఠాయి పెట్టె విప్పుతాడు. వచ్చేది పదేళ్లు ఆలస్యంగా వస్తే కళ్లూ కిడ్నీలూ అంతకాలం నిలుస్తాయని ఆయనకు చెప్పాను. పెట్టె మూశాడు గానీ వాళ్లావిడ ముందు మాత్రమే.

12. మీ ఇంటి వంశవృక్షం మీరే గీయండి

జన్యు వైద్యుడు మొదట అడిగేది రక్తం కాదు, కుటుంబం సంగతి. తీరా అక్కడ కూర్చున్నాక చాలామందికి నాయనమ్మ ఎలా పోయిందో కూడా తెలియదు. అందుకే ముందే గీసుకోండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం. జబ్బున్నవాళ్ల బొమ్మ నింపేయండి. భార్యాభర్తల మధ్య ఒక గీత, దగ్గరి బంధువులైతే రెండు గీతలు. కనీసం మూడు తరాలు. అమ్మ వైపుకూ నాన్న వైపుకూ సమానంగా చోటు వదలండి.

చిన్నప్పుడే పోయిన పిల్లల్నీ, నిలవని గర్భాల్నీ తప్పకుండా రాయండి. మన ఇళ్లలో వాళ్ల పేరెత్తరు. అసలు ఆధారం తరచూ అక్కడే ఉంటుంది. పురిట్లోనే ఇద్దరు మగపిల్లలు పోయారని ఒక అమ్మమ్మ నోరు విప్పాకే, మనవడి జబ్బు ఎక్స్ దారిలో వస్తోందని డాక్టర్లు పట్టుకున్న సందర్భం నాకు తెలుసు. పెద్దవాళ్లు ఉండగానే అడగండి. వయసు, జబ్బు పేరు, ఏ ఆసుపత్రి, పాత రిపోర్టుంటే దాని ఫొటో, అన్నీ ఒకచోట పెట్టండి.

ఆ కాగితంతో బేగంపేటలో ఉస్మానియా వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్‌కో, పంజాగుట్ట నిమ్స్‌లోని జన్యు వైద్య విభాగానికో వెళ్లండి. దంపతులిద్దరూ కలిసి వెళ్లండి. కోడలిని ఒక్కదాన్నే పంపొద్దు. బిడ్డకు చేరిన జతలో ఒకటి మీ ఇంటి నుంచి వచ్చిందే కాబట్టి, వీలైతే అత్తగారు కూడా వెంట వెళ్లండి.